హార్ప్ వల్లే భూకంపం అంటున్న వీడియోకి జవాబు

2023 ఫిబ్రవరి 6న తుర్కియే (టర్కీ)లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం, హార్ప్ అనే అమెరికా రేడియో తరంగాల పరిశోధన కేంద్రం పనేనని, ఆకాశంలో నీలి మెరుపులే సాక్ష్యమని మీ బాబాయిగారు గ్రూపులో వీడియో పెట్టారన్నారు కదా. ముందు మెరుపుల సంగతి తేల్చండి.

వీడియో ఆపి, భవనాలో బోర్డులో స్పష్టంగా ఉన్నచోట మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీయండి. పైన అతికించిన అక్షరాలు కత్తిరించేసి బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. మొదట కనిపించిన ఫలితం కాదు, అన్నిటికంటే పాత తేదీ ఉన్నది చూడాలి. అది భూకంపానికి ముందుదైతే ఆ వీడియోకి దీనికి సంబంధం లేనట్టే. దొరక్కపోతే బొమ్మను కుడి ఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. పట్టుబడకుండా తిప్పి ఎక్కించేవాళ్లున్నారు. ఫైల్‌లో కనిపించే తేదీని నమ్మొద్దు, వాట్సాప్‌లో చేతులు మారేసరికి అసలుది పోతుంది. వీడియో నిజంగా ఆ రాత్రిదే అయినా కంగారేం లేదు. ఊగే కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా అచ్చం అలాంటి వెలుగే వస్తుంది. మెరిసిన క్షణంలోనే కింద వీధిదీపాలు ఆరాయేమో గమనించండి, ఆరితే అది కరెంటు వెలుగే అయ్యుండొచ్చు.

ఇక హార్ప్. అలాస్కాలోని ఆ కేంద్రం గరిష్ఠ ప్రసార శక్తి 3.6 మెగావాట్లు. 7.8 భూకంపంలో వెలువడే శక్తి సుమారు 3 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని జౌళ్లు. అంత శక్తి పంపాలంటే ఆపకుండా 250 ఏళ్లకు పైగా నడపాలి. పైగా దాని రేడియో తరంగాలు వెళ్లేది పైకి, అయనోస్ఫియర్ అనే ఎత్తైన వాతావరణ పొరలోకి.

ఇదంతా గ్రూపులో పెట్టకండి, పదిమందిలో ఎవరైనా పంతానికి పోతారు. పాత వీడియో లింకు దొరికితే అదొక్కటే విడిగా పంపి, "ఇది చూశారా బాబాయ్" అనండి. లెక్క ఆయన అడిగితేనే.