ఓటీజీలో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను ఫోన్ ఎందుకు గుర్తించదు?

ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకునే పెన్‌డ్రైవ్ ఓటీజీ అడాప్టర్‌తో (పెన్‌డ్రైవ్ వంటి వాటిని ఫోన్ చార్జింగ్ పోర్టుకు కలిపే చిన్న సాధనంతో) ఫోన్‌కు పెడితే కనిపించడం లేదని విశాఖ నుంచి అడిగారు. నేనైతే ముందుగా అడాప్టర్‌నే అనుమానిస్తాను. తనకు తగిలించినది చార్జరా, పరికరమా అన్నది టైప్-సి అడాప్టర్‌లోని 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను (చిన్న విద్యుత్ నిరోధకాన్ని) బట్టి గ్రహించాకే ఫోన్ దానికి 5 వోల్టుల విద్యుత్తు పంపుతుంది కనుక, ఆ రెసిస్టర్ లేని నాసిరకం అడాప్టర్ వాడితే పెన్‌డ్రైవ్‌పై దీపం కూడా వెలగదు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీని మనమే ఆన్ చేయాలి. కాసేపు వాడకపోతే అది మళ్లీ ఆగిపోతుంది.

దీపం వెలిగినా ఫైళ్లు కనిపించకపోతే పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌ను, అంటే అందులో ఫైళ్లను అమర్చే పద్ధతిని చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌ను చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చదవలేవు. ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్న తరువాతే ఎఫ్‌ఏటీ32 అనే ఫార్మాట్‌కు మార్చండి, ఎందుకంటే ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఎఫ్‌ఏటీ32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి.

మన బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి పోర్టులోని పిన్నులు చిలుము పట్టడం ఉంది. అటువంటప్పుడు చార్జింగ్ ఎక్కుతున్నా డేటా అందకపోవచ్చు. ఫోన్ ఆపి, టార్చి వెలుగులో పోర్టు చూడండి. దూదిపోగు ఉంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయవచ్చు. పచ్చని చిలుము కనిపిస్తే మాత్రం గీకకుండా, జగదాంబ కూడలి వద్ద మీకు నమ్మకమున్న రిపేరు దుకాణంలో చూపించండి.