గ్యారేజీలో ఉండే ఎనిమిది మంది గురించి

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్ను రేసు కార్ల టీమ్‌కి మేనేజర్‌ని చేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పిన రోజు మీ పెద్దమ్మ పాయసం వండింది. నువ్వు పంపిన ఖర్చుల పట్టికను నిన్న రాత్రి భోజనం అయ్యాక మొత్తం చూశాను. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్, ఇద్దరు డ్రైవర్లకు సూట్లు, హెల్మెట్లు, మెడకు పెట్టే హాన్స్, ఒక్కటీ మర్చిపోలేదు. చివరి పేజీలో మెకానిక్‌లు, హెల్పర్లు ఎనిమిది మందికి మూడే లైన్లు ఉన్నాయి: గది, భోజనం, టీమ్ టీషర్టులు. నేను ఆ మూడు లైన్ల దగ్గరే ఆగిపోయాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. రాస్తే దగ్గర పెట్టుకుంటావని ఈ ఉత్తరం.

డ్రైవర్‌ని చూసుకోవడానికి రూల్ బుక్ ఉంది. రేసుకి ముందు చేసే తనిఖీలో, అదే స్క్రూటినీలో, హెల్మెట్ లోపలి స్టిక్కర్ చూస్తారు, సీటు బెల్టు గడువు తేదీ చూస్తారు. ట్రాక్ చుట్టూ భద్రత చూసే మార్షల్స్ ఉంటారు, అంబులెన్సు ఉంటుంది, డాక్టరు ఉంటాడు. నీ హెల్పర్ హవాయి చెప్పులతో గ్యారేజీలో తిరుగుతుంటే అడిగే నాథుడు ఉండకపోవచ్చు. వాడికి రూల్ బుక్ నువ్వే. నేను చెన్నై దగ్గర షోలవరం పాత రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో హెల్పర్‌గా చేరాను. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చాక అక్కడే నా జీవితం గడిచింది. ఇన్నేళ్లలో నేను దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లిన వాళ్లలో డ్రైవర్లకన్నా మనవాళ్లే ఎక్కువ.

ముందు నిప్పు గురించి చెప్పాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పాకుతుంది. డబ్బా మూత తీసిన చోట నిప్పు లేకపోవచ్చు. నాలుగు గజాల అవతల ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఒక రవ్వ చాలు.

ఇది నా కళ్ల ముందే జరిగింది. ఏ టీమో రాయను. శనివారం సాయంత్రం, మర్నాడు రేసు. ఇంజిన్ దించాలని ట్యాంకులో మిగిలిన పెట్రోలు ప్లాస్టిక్ బకెట్‌లోకి తీస్తున్నారు. బకెట్‌కి మూత లేదు. వెలుతురు చాలదని పక్కనే స్టాండు మీద హాలోజన్ లైటు పెట్టారు. ఎవరి కాలో వైరుకి తగిలి లైటు పడింది. పెద్ద శబ్దం కూడా రాలేదు, ‘భుప్’మని ఒక్కసారి. మంట నేల మీద పరుగెత్తి బకెట్ పట్టుకున్న కుర్రాడిని అందుకుంది. అరనిమిషంలో ఆర్పేశాం. కానీ వాడు వేసుకున్నది పాలియెస్టర్ జెర్సీ. అది కరిగి ఒంటికి అతుక్కుపోయింది. ఆసుపత్రిలో నర్సు ఆ గుడ్డని చర్మం నుంచి కొంచెం కొంచెంగా విడదీస్తుంటే నేను వాడి రెండో చేయి పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. వాడు నా చేతిని బిగించిన బిగింపు నాకు ఇంకా తెలుస్తూనే ఉంది.

అందుకే నీ పట్టికలో ‘టీమ్ టీషర్టులు’ అన్న చోట ఏ బట్టో రాయమంటున్నాను. నూలు బట్ట వేయించు. అదీ కాలుతుంది గానీ కరిగి చర్మానికి పట్టుకోదు. పెట్రోలు ముట్టుకునే ఇద్దరికి మాత్రం నూలు కూడా చాలదు. డ్రైవర్ల పాత సూట్లు, రేసుకి గడువు తీరిపోయినవి, చిరగకుండా ఉంటే పారేయకు. వాళ్లిద్దరికీ తొడిగించు. తలకీ ముఖానికీ తొడిగే ముసుగు బాలక్లావా, కళ్లకి అద్దాలు, చేతులకి గ్లౌజులు కూడా ఉండాలి.

పెట్రోలు పోసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకడు పోస్తాడు, రెండోవాడు ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడతాడు. ఆ రెండోవాడికి ఇంకే పనీ చెప్పకు, గరాటు అందించమని కూడా అడగకు. డ్రైవర్ కారులో ఉండకూడదు. బ్యాటరీ స్విచ్ ఆపేసి ఉండాలి. డబ్బా లోహానిదైతే, దాన్నీ కారు ఛాసిస్‌నీ ముందే ఒక వైరుతో కలపండి, లేకపోతే స్టాటిక్ రవ్వ పుట్టవచ్చు. ఎక్స్‌టింగ్విషర్లు తలుపు దగ్గర, చేతికందే ఎత్తులో ఉండాలి. చాలా గ్యారేజీల్లో అవి టైర్ల దొంతర వెనక ఉంటాయి. ఆరు కిలోల పౌడర్ సిలిండర్ అరనిమిషంలోపే ఖాళీ అయిపోతుంది. మొదటిసారి పిన్ను లాగే మనిషి అందులో సగం కాలం తడబాటుకే పోగొట్టుకుంటాడు. గడువు దగ్గరపడ్డ సిలిండర్లు రెండు కొని, రేసుకి ముందు వారం మీ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఎనిమిది మంది చేతా కొట్టించు. మంట పైన కాకుండా దాని అడుగున కొట్టాలని చేత్తో చేస్తేనే వాళ్లకి గుర్తుంటుంది.

ఇంకొకటి. కారుకి పూజ చేయొద్దని నేను అనను. కొబ్బరికాయ కొట్టకుండా నేను ఏ సీజనూ మొదలుపెట్టలేదు. కానీ హారతి పళ్లెం గ్యారేజీ లోపలికి రానివ్వకు. పొద్దున్నే, పెట్రోలు డబ్బాలు దింపకముందే, కారుని ఆరుబయటికి తోసి, హారతి దూరం నుంచే చూపించమను. గ్యారేజీలో అగరుబత్తి కూడా వద్దు. దేవుడి పని కదా అని ఎవరూ నోరు విప్పరు, నువ్వే చెప్పాలి.

నిప్పు విషయంలో పని అయిపోయిందనుకునే సమయమే నాకు భయం. 2012లో స్పెయిన్‌లో ఫార్ములా వన్ రేసు విలియమ్స్ టీమ్ గెలిచింది. ఆ ఆనందంలో అందరూ గ్యారేజీలో చేరి ఉండగానే పెట్రోలు అంటుకుని గ్యారేజీ తగలబడింది. పక్క టీమ్‌ల వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చి ఆర్పారు, ముప్ఫై మందికి పైగా వైద్యం చేయాల్సి వచ్చింది. కప్పు చేతికొచ్చినా సరే, పెట్రోలు సర్దేసి మూతలు బిగించేదాకా గ్యారేజీలోకి జనాన్ని రానివ్వకు.

ఇక పని అయ్యాక కారుని గ్యారేజీ ముందు నుంచి ట్రాక్ మీదికి వదిలే సంగతి. ‘పో’ అని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. ఎవరిదో శుక్రవారమే తేల్చేయండి. ఆ మనిషి కారు ముందు, డ్రైవర్‌కి కనపడే చోట నిలబడతాడు. టైరు దగ్గర పనిచేసే ప్రతివాడూ పని ముగించి, వెనక్కి జరిగి, రెండు చేతులూ పైకెత్తాలి. నాలుగు జతల చేతులూ కళ్లతో చూశాకే కారు కదలాలి. ‘అయిపోయిందన్నా’ అన్న కేక లెక్కలోకి రాదు. ఇంజిన్ మోతలో ‘అయిపోయింది’, ‘ఆగండి’ రెండూ ఒకేలా వినపడతాయి.

2018లో బహ్రెయిన్‌లో ఏం జరిగిందో నువ్వూ చూసే ఉంటావు. ఫెరారీ టీమ్‌లో ఎడమ వెనక చక్రం ఇంకా ఊడలేదు, అయినా వెళ్లమని పచ్చలైటు పడింది. డ్రైవర్ రైకొనెన్ కారుని కదిలించాడు. కొత్త టైరు పట్టుకుని ముందు నిలబడ్డ మెకానిక్ కాలి పిక్క ఎముకలు రెండూ విరిగాయి. డ్రైవర్ తప్పు లేదు, లైటు చూసి వెళ్లాడు. డబ్బుకీ సాధనకీ కొదవలేని టీమ్ అది. అంతకు ఐదేళ్ల ముందు, 2013లో జర్మనీలో, వెబ్బర్ అనే డ్రైవర్ కారు వెనక చక్రం సరిగా బిగించకుండానే వదిలేశారు. ఆ చక్రం ఎగిరెగిరి గ్యారేజీల ముందుండే దారిలో, అంటే పిట్ లేన్‌లో, కెమెరా పట్టుకుని నిలబడ్డ మనిషి వీపుకి తగిలింది. కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి. ఆ తర్వాతే రేసులో పిట్ లేన్ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గించారు.

మీవి చిన్న రేసులు, మధ్యలో టైర్లు మార్చే పని ఉండదు. కానీ ప్రాక్టీసులో, రేసులో ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో కారు నాలుగైదు సార్లు లోపలికొస్తుంది. అప్పుడే ఆదరాబాదరా. నాలుగు నిమిషాలే మిగిలాయని డ్రైవర్ అరుస్తుంటాడు, యజమాని వాచీ చూసుకుంటుంటాడు. ఆ తొందరలో చేతులు కొత్తగా ఏమీ నేర్చుకోవు, ముందు అలవాటైనదే చేస్తాయి. అందుకని మీ షెడ్డులోనే ఇరవైసార్లు, ముప్ఫైసార్లు చేయించు. విసుక్కుంటారు, విసుక్కోనీ.

కారు కిందికి దూరేవాడి విషయంలో నేను ఒక్కటే పట్టుబట్టేవాణ్ణి. జాకీ కారుని ఎత్తడానికి మాత్రమే. దాన్ని నమ్మి ఎవరూ కింద తల పెట్టకూడదు. స్టాండ్లు వేసి, కారుని చేత్తో ఊపి చూశాకే లోపలికి. ఫార్ములా కారైతే స్టీరింగ్ ఊడదీసి కిందున్నవాడి పక్కనే పెట్టాలి. స్టీరింగ్ వాడి దగ్గరుంటే ఎవరూ ఎక్కి కారు నడపలేరు. ఎయిర్ గన్‌కి వాడే నైట్రోజన్ సిలిండర్‌ని గోడకి గొలుసుతో బిగించండి, బండిలో తీసుకెళ్లేటప్పుడు మూత పెట్టే ఉండాలి.

రేసు మొదలుకి కార్లు వరుసగా నిలబడే గ్రిడ్ మీద, పిట్ గోడ దగ్గర మనవాళ్లకి ఉత్సాహం ఎక్కువ. 1981లో బెల్జియంలోని జోల్డర్ ట్రాక్‌లో ఒకే వారాంతంలో రెండు ప్రమాదాలు జరిగాయి. ఇరుకు పిట్ లేన్‌లో ఒసెల్లా టీమ్ మెకానిక్ పిట్ గోడ మీంచి జారి కారు ముందు పడి, తర్వాత చనిపోయాడు. రేసు మొదలయ్యేటప్పుడు ఇంజిన్ ఆగిపోయిన తమ కారుని స్టార్ట్ చేయబోయి యారోస్ టీమ్ మెకానిక్ గ్రిడ్ మీదికి వెళ్లాడు. రేసు మొదలైపోయింది, వెనక నుంచి వచ్చిన సొంత టీమ్ రెండో కారే అతన్ని గుద్దింది. గట్టిగా దెబ్బలు తగిలినా బతికాడు. గ్రిడ్ ఖాళీ చేయమని బోర్డు చూపించాక మన కారు ఆగిపోయినా సరే, మనవాడు గోడ దాటకూడదు. తోసే పని మార్షల్స్‌ది. ఈ మాట నువ్వు రేసు పొద్దున మళ్లీ ఒకసారి చెప్పాలి, ఎందుకంటే ఆ క్షణంలో కారు మీది ప్రేమ మనిషిని లాక్కుపోతుంది.

ఒంటి మీద ఏముందో చూడు. ఉంగరం, మెడలో గొలుసు, మణికట్టుకి గుళ్లో కట్టించుకున్న ఎర్రదారం. తిరిగే యాక్సిల్‌కి దారం చిక్కితే చేతిని లాగేస్తుంది. ఉంగరం బ్యాటరీ రెండు టెర్మినల్స్‌కి ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలుకి అంటుకుంటుంది. దారం తీయమంటే మనసు కష్టపెట్టుకుంటారు, అప్పుడు మోచేతి పైకి జరుపుకుని గుడ్డ చుట్టుకోమను. చెవులకి మఫ్లు మొదటి రోజు నుంచే పెట్టించు. నా ఎడమ చెవి సరిగా వినపడదని నీకు తెలుసు. అది ఒక్క రోజులో పోలేదు.

మీరు ముందు ముందు ఎలక్ట్రిక్ కార్లు కూడా తెస్తారని విన్నాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పటి నుంచి మన పిల్లలకి ఆ ఆశ పట్టుకుంది. మంచిదే. కానీ 2008లో స్పెయిన్‌లోని హెరెస్‌లో టెస్టింగ్ జరుగుతుంటే, పిట్‌లోకొచ్చిన బీఎండబ్ల్యూ హైబ్రిడ్ కారుని చేత్తో తాకగానే ఒక మెకానిక్ షాక్ కొట్టి కిందపడ్డాడు. కారుని తాకవచ్చని చెప్పే పచ్చలైటు దాని మీద వెలగకుండా, రబ్బరు గ్లౌజులు లేకుండా దాని దగ్గరికి వెళ్లొద్దు. ఆ పని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే మొదలుపెట్టండి.

చెన్నై ఉక్క సంగతి నీకు చెప్పాలా? రేకు కప్పు కింద మధ్యాహ్నం రెండు గంటలకి మనిషి దప్పిక కూడా మర్చిపోతాడు. మజ్జిగ, ఓఆర్ఎస్ పెట్టి ఊరుకోకు, గంటకొకసారి నువ్వే అందరికీ అందించు. ఎవడైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే ‘పని ఎక్కువై విసుగొచ్చింది’ అనుకోకు. వెంటనే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లతో తడిపి డాక్టర్‌ని పిలువు. ఎనిమిది మంది బ్లడ్ గ్రూపులు, ఇంటి నంబర్లు ఒక కాగితం మీద రాసి గ్యారేజీ గోడకి అంటించు.

నిద్ర గురించి మీ యజమానితో నీకు గొడవ రావచ్చు. శనివారం ఇంజిన్ పాడైతే రాత్రంతా చేయమంటారు. ఫార్ములా వన్‌లోనే 2011 నుంచి రాత్రి ఇన్ని గంటలు ట్రాక్‌లో పని చేయకూడదని కర్ఫ్యూ పెట్టారు. తెల్లారేదాకా కళ్లు నులుముకుంటూ బిగించిన నట్టుని నమ్మి డ్రైవర్‌ని ఎలా పంపుతాం? ఆ మాటే అడుగు. ‘ఈ ఒక్కసారికి’ అంటారు. ఒప్పుకోకు.

మీ చీఫ్ మెకానిక్ నీకన్నా ఇరవై ఏళ్లు పెద్ద, పని తెలిసిన మనిషి. ఇవన్నీ అందరి ముందూ ఆయనకి చెబితే చిన్నబుచ్చుకుంటారు. ముందు ఒక్కరినే కూర్చోబెట్టి, ‘అన్నా, మీరు బూట్లు వేసుకుంటే మిగతావాళ్లు వేసుకుంటారు’ అని అడుగు. కాదనరు. అందరికన్నా చిన్న హెల్పర్ ‘ఆపండి’ అన్నా కారు ఆగాలని ఆయన నోటే చెప్పించు. మొదటిసారి వాడు అనవసరంగా ఆపినా తిట్టొద్దు. తిడితే రెండోసారి నోరెత్తడు.

ఆఖరున ఆదివారం రాత్రి. మూడు రోజులు నిద్రలేని వాళ్లు వ్యాను నడుపుకుంటూ హైదరాబాదుకి ఆరువందల కిలోమీటర్లు బయలుదేరతారు. సోమవారం ఆఫీసుకి వెళ్లాలని, గది అద్దె ఒక రోజు మిగులుతుందని. నా వాళ్లలో ఇద్దరిని అలాగే పోగొట్టుకున్నాను, నాయుడుపేట దాటాక. ట్రాక్ మీద మూడు రోజులు వాళ్లకి చిన్న గీత కూడా పడలేదు. నీ పట్టికలో ఆదివారం రాత్రికి కూడా గది రాయి, సోమవారం పొద్దున టిఫిన్ తిని బయలుదేరండి. యజమాని ఆ ఒక్క రాత్రి డబ్బు ఇవ్వనంటే నాకు చెప్పు, నేను పంపుతాను.

గ్లౌజులు ఎనిమిది జతలు, ఇయర్ మఫ్లు నాలుగు పార్సెల్ చేశాను, గురువారానికి అందుతాయి. బూట్ల సైజులు నాకు తెలియవు. అందరినీ అడిగి రాసి పంపు.

మీ పెదనాన్న