కత్తి పట్టని హీరోల గురించి మేనకోడలికి ఉత్తరం

తల్లీ,

నువ్వు తయారు చేసి పంపిన గేమ్ మూడు రోజుల పాటు ఆడాను. మ్యాప్ బాగుంది. కోటలు కట్టే లెక్క కూడా బాగా కుదిరింది. ఇబ్బందల్లా నీ వర్తకుడు, వైద్యురాలు, రాయబారి దగ్గరే. ఆటలో రెండో వారం మొదలయ్యేసరికి ముగ్గురూ నా కోటలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళని బయటికి తీసుకెళ్ళాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు, వదిలేసినందుకు నష్టమూ కనపడలేదు. "వాళ్ళకి కాస్త దాడి బలం పెంచనా మామయ్యా?" అని అడిగావు. ఆ పని మాత్రం చెయ్యకు.

నేను చేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ చేస్తున్న గేమ్‌లో ఒక వర్తకుడు ఉండేవాడు. ఆడేవాళ్ళు ఎవరూ వాడిని తీసుకోవడం లేదని వాడి చేతికి ఈటె ఇచ్చాం. సరిపోలేదని కవచం ఇచ్చాం. నెల తిరిగేసరికి వాడు కాస్త బలహీనమైన యోధుడిగా మిగిలాడు, అంతే. ఆడి చూడమని పిలిచిన పిల్లల్లో పదేళ్ళ బాబు ఒకడు వాడిని కోట గుమ్మం దగ్గర నిలబెట్టి, వరసగా టర్న్ (తన వంతు) ముగించే బటన్ నొక్కుతూ పోయాడు. వాడిని ఎందుకు కదపడం లేదురా అని అడిగితే, "వాడికేం పని లేదు కదా అంకుల్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. వాడికి కావలసింది బలం కాదు, పని.

నీ దగ్గర హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 ఉంది కదా. 1999లో వచ్చిన గేమ్ అయినా నీ ప్రశ్నకి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. అందులో ఎస్టేట్స్ అనే స్కిల్ చూడు. మొదటి మెట్టులో రోజుకి 125 బంగారం, రెండో మెట్టులో 250, మూడో మెట్టులో 500 వస్తాయి. సత్రంలో కొత్త హీరోని తీసుకోవడానికి 2,500 ఖర్చు. అంటే మొదటి మెట్టులో ఉన్న హీరో తన ఖర్చు తాను రాబట్టుకోవడానికే 20 రోజులు పడుతుంది. ఆటలో వారానికి 7 రోజులు, ప్రతి వారం మొదటి రోజున కోటల్లో కొత్త సైన్యం పుడుతుంది. కాబట్టి మూడో వారం చివరిదాకా ఆ హీరో మనకి అప్పే. అదే గేమ్‌లో రోజుకి 350 బంగారం తెచ్చే ప్రత్యేకత ఉన్న హీరోలు కొందరున్నారు. వాళ్ళు ఎనిమిదో రోజుకే ఖర్చు తీర్చేసి లాభంలోకి వస్తారు. ఇద్దరూ చేసేది ఒకటే పని, బంగారం తేవడం. తేడా అంతా ఎన్నో రోజున తెస్తారన్న దాంట్లోనే ఉంది. నీ వర్తకుడు నాకు లాభంలోకి వచ్చింది 31వ రోజున. ఆట 25వ రోజుకే తేలిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గేమ్‌లో ఒక్కో హీరోకి 8 స్కిల్స్ వరకే చోటు, ఒకసారి తీసుకున్నది వదిలేయడానికి లేదు. ముఖ్యమైన హీరో ఎస్టేట్స్ తీసుకుంటే ఆ గడి పోయినట్టే. పోనీ వెనక ఉండే చిన్న హీరోకి ఇద్దామంటే, లెవెల్ పెరగడానికి కావలసిన అనుభవం పాయింట్లు ఎక్కువగా యుద్ధాల్లోనే వస్తాయి కాబట్టి వాడు పై మెట్టుకి చేరడు. ఈ చిక్కుముడి నీ గేమ్‌లోనూ అచ్చంగా ఇలాగే ఉంది. నీ వైద్యురాలు రోజంతా గాయాలు మాన్పితే ఆమెకి సున్నా అనుభవం. లెవెల్ పెరగాలంటే ఆమె వెళ్ళి ఎవరినో కొట్టాలి. బ్యాటిల్ ఫర్ వెస్నాథ్ అనే ఇంకో గేమ్‌లోనూ ఇదే కష్టం. అక్కడ తెల్ల మాంత్రికుడు పక్కనున్న వాళ్ళకి టర్న్‌కి 8 ప్రాణం పాయింట్లు తిరిగి ఇస్తాడు, దానికి అనుభవం ఏమీ రాదు. శత్రువుతో తలపడితే శత్రువు లెవెల్ ఎంతో అంత, చంపితే దానికి 8 రెట్లు వస్తుంది. అందుకని ఆడేవాళ్ళు చావుకి దగ్గరగా ఉన్న శత్రువుని వెతికి, ఆఖరి దెబ్బ మాంత్రికుడి చేత కొట్టిస్తారు. అలా చేయడంలో ఒక తెలివి ఉంది, కాదనను. కానీ నీ వైద్యురాలిని అలా పెంచడం నాకు ఇష్టం లేదు. ఆమె మాన్పిన గాయానికే అనుభవం ఇవ్వు. కాకపోతే ఒకే సైనికుడిని మళ్ళీ మళ్ళీ గాయపరిచి మాన్పించే దొంగదారి తెరుచుకుంటుంది. ఒక్కో యుద్ధానికి ఇంతే అని హద్దు పెట్టు.

అసలు హీరోస్ 3లో యుద్ధం చెయ్యని హీరోల్లో అందరికీ బాగా అక్కరకొచ్చేది ఎవరో తెలుసా? సైన్యాన్ని మోసేవాడు. కోటలో పుట్టిన సైన్యాన్ని ఒకడు తీసుకుని తన నడక అయిపోయేదాకా వెళ్ళి, దారిలో నిలబడ్డ రెండో హీరోకి అందిస్తాడు. రెండోవాడి నడక ఇంకా మిగిలే ఉంటుంది, వాడు మూడోవాడికి అందిస్తాడు. ముగ్గురు నలుగురు ఉంటే మూడు రోజుల దారిని సైన్యం ఒక్క రోజులో దాటుతుంది. ఇవన్నీ ఏ ప్రత్యేక స్కిల్లూ లేని మామూలు హీరోలు చేసే పనులే. ఎందుకంత విలువంటే, వాళ్ళు ఆదా చేసేది రోజుల్ని.

కాబట్టి నువ్వూ రోజుల్లోనే లెక్క కట్టు. బంగారం, గాయం, స్నేహం పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. వర్తకుడు తెచ్చిన సొమ్ముతో పెద్ద కట్టడం ఎన్ని రోజులు ముందు లేచింది? వైద్యురాలు ఉండటం వల్ల సైన్యం కోటకి వెనక్కి రాకుండా ఎన్ని రోజులు మిగిలాయి? ఒకే మ్యాప్ రెండుసార్లు ఆడు, ఒకసారి యోధుడితో, ఒకసారి వర్తకుడితో. రెండో కోట ఎన్నో రోజున చేతికొచ్చిందో ఒక కాగితం మీద రాసుకో. ఒకటి రెండు రోజుల తేడా ఉంటే ఫరవాలేదు. నాలుగు రోజులు దాటితే అంకెలు మార్చు.

రాయబారి విషయంలో మాత్రం భయం ఇంకో వైపు నుంచి ఉంది. హీరోస్ 3లో డిప్లొమసీ అనే స్కిల్ వల్ల దారిలో కాపలా ఉన్న గుంపులు యుద్ధం లేకుండానే మనలో చేరిపోతాయి. అలా చేరిన సైన్యంతో ఇంకా పెద్ద గుంపు లొంగుతుంది, దాంతో ఇంకా పెద్దది. ఎదుటివాడు దాన్ని ఆపడానికి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చాలా పోటీల్లో దాన్ని నిషేధించింది అందుకే. నీ రాయబారి ఇప్పుడు నీరసంగా ఉన్నాడని శాతాలు పెంచుకుంటూ పోతే నువ్వూ అక్కడికే చేరతావు. శాతం ముట్టుకోకు. వాడితో వచ్చి చేరినవాళ్ళు వారం వారం జీతం అడగాలి, ఇవ్వకపోతే వెళ్ళిపోవాలి. శత్రువు ఎక్కువ ఇస్తానంటే అటు వెళ్ళే వీలు కూడా ఉండాలి. అప్పుడు ఎదుటివాడికి చేయడానికి ఒక పని దొరుకుతుంది.

వర్తకుడికీ అంతే. కోటలో కూర్చుంటే బంగారం రాకూడదు. రెండు ఊళ్ళ మధ్య నడిస్తేనే రావాలి, దూరం పెరిగేకొద్దీ ఎక్కువ రావాలి. ఆ దారి శత్రువుకి కనపడాలి, పట్టుకుంటే సగం సొమ్ము వాడిది కావాలి. అప్పుడు ఆడేవాడికి నిజమైన టెన్షన్ ఉంటుంది. దగ్గరి దారిలో పోనా, అడవి చుట్టూ తిరిగి పోనా, వెంట నలుగురు విలుకాళ్ళని పంపనా అని.

చివరి వారాల్లో వీళ్ళ ఉపయోగం తగ్గుతోందని రాశావు. తగ్గనీ. మొదటి మూడు వారాలు వాళ్ళవైతే చాలు.

ముందు వర్తకుడిని ఒక్కడినే మార్చు, మిగతా ఇద్దరినీ ముట్టుకోకు. ముగ్గురినీ ఒకేసారి మారిస్తే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు. శనివారానికల్లా కొత్త బిల్డ్ (మార్చిన గేమ్) పంపితే ఆదివారం పొద్దున్నే అత్తయ్య, నేను చెరో వైపు కూర్చుని ఆడతాం. ఆమె ఈసారి వర్తకుడినే తీసుకుంటానంటోంది.

ఆశీస్సులతో,
మామయ్య