మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కుంటే గొడవే

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. బాబుకి 12 ఏళ్లు, ఏడో తరగతి. నెల రోజుల్లో వాళ్ల నాన్న ఖాతాలోంచి 3,840 రూపాయలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఫోన్ గేమ్‌లో డైమండ్లకు (ఆటలో వస్తువులు కొనే నాణేలు) తగలేశాడు. ఎనభై, రెండొందల నలభై చొప్పున పోయాయి. మా వారు కొట్టి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. నాలుగు రోజులుగా వాడు నాన్నతో మాట్లాడటం లేదు, అన్నం దగ్గర అలుగుతున్నాడు. అత్తయ్యగారు నా పెంపకాన్నే తప్పుపడుతున్నారు. గేములు పూర్తిగా మాన్పించాలా, ఏవైనా ఆడనివ్వచ్చా? ఇది వ్యసనమేనా?

జవాబు: అమ్మా, ఇంట్లో అందరి కోపమూ డబ్బు చుట్టూనే తిరుగుతోంది కాబట్టి ముందు అది తేలుద్దాం. యూపీఐతో డైమండ్లు కొనాలంటే మామూలుగా పిన్ కొట్టాలి. అంటే పిన్ బాబుకి తెలిసే ఉంటుంది. పక్కన కూర్చుని రెండుసార్లు చూస్తే ఏ పిల్లాడికైనా వచ్చేస్తుంది. యార్డు పనిలో మీ వారి ఫోన్‌కి రోజంతా మెసేజ్‌లు వస్తుంటాయి, వాటి మధ్య ఎనభై రూపాయలు పోతే ఎవరి కంటా పడదు. ఇది పెంపకం లోపం కాదు, పెద్దవాళ్ల ఫోన్‌లో లోపం. అత్తయ్యగారితో ఈ మాట మీ వారి చేతే చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది.

ఈ పూటే యూపీఐ పిన్ మార్చండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. అందులో సేవ్ అయి ఉన్న కార్డులు తీసేయండి. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకీ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే: ధ్రువీకరణకి వేలిముద్ర పెడతారు, కానీ అదే ఫోన్‌లో పిల్లాడి వేలిముద్ర కూడా నమోదై ఉంటుంది. ముందు అది తొలగించాలి. ఇక రిఫండ్: కొన్న 48 గంటల్లోపు అయితే గూగుల్ ప్లేలోనే అడగొచ్చు, దాటితే సాధారణంగా గేమ్ కంపెనీకే రాసుకోవాలి. రాయండి, కానీ ఆ డబ్బు వస్తుందని లెక్క వేసుకోకండి.

వాడు కొన్నదేమిటో కూడా చూడండి. ఫ్రీ ఫైర్‌లో గన్ స్కిన్ అంటే రంగు ఒక్కటే కాదు, కొన్ని స్కిన్లతో తుపాకీ దెబ్బ, వేగం కూడా మారతాయి. క్లాసులో నలుగురి దగ్గర ఉండి వాడి దగ్గర లేకపోతే ఆటలో నిజంగానే వెనకబడతాడు. పైగా కొన్ని స్కిన్లు నేరుగా అమ్మరు, స్పిన్ తిప్పి అదృష్టం చూసుకోవాలి. రెండొందల నలభైలు అలా కరిగిపోతాయి. నాన్నా కొడుకూ ఆర్డర్ హిస్టరీ ముందు పెట్టుకుని, ఏ రోజు ఏం కొన్నాడో కాగితం మీద కలిసి కూడాలి. మొత్తం వాడి చేతే రాయించండి. సంక్రాంతికి పెద్దలిచ్చే డబ్బులోంచి కొంత తిరిగి కట్టాలని ఒప్పందం పెట్టండి, అంతా కాదు. కొట్టినందుకు మీ వారు ఒక్క ముక్క ‘తప్పయింది’ అంటే ఆ కూర్చోవడం తేలికవుతుంది. దానికి నాన్న పెద్దరికం ఏం తగ్గదు.

ఆటల సంగతి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ పెద్ద మ్యాచ్ పది పదిహేను నిమిషాలు. బీజీఎంఐలో (పబ్జీకి మన దేశపు రూపం) వంద మంది ఆడే ఎరాంగెల్ అనే మ్యాప్‌లో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. రెండింటినీ మధ్యలో ఆపే వీల్లేదు. వదిలేస్తే ర్యాంకు పడుతుంది, జట్టులోని క్లాస్‌మేట్లు తిడతారు. మీరు ‘అయిదు నిమిషాల్లో ఆపు’ అన్నప్పుడు వాడు కసురుకునేది అందుకే. గడియారం వదిలేసి మ్యాచ్‌లు లెక్కపెట్టండి: స్కూలున్న రోజు రెండు, ఆదివారం నాలుగు, ఆఖరిది మొదలయ్యే ముందే మీకు చెప్పాలి. ఈ వయసుకి బీజీఎంఐ వద్దనే అంటాను.

దిమ్మెలతో ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ మాత్రం ధైర్యంగా కొనివ్వండి. ఒకసారి డబ్బు కడితే చాలు, ప్రకటనలు ఉండవు, ఎక్కడైనా సేవ్ చేసి లేవొచ్చు. లోపల అదనపు వస్తువులు అమ్మే మార్కెట్‌ప్లేస్ ఉంది, అది అవసరం లేదు. ఒకే వైఫై మీద రెండు ఫోన్లలో నాన్న కూడా చేరొచ్చు. ఆల్టోస్ ఒడిస్సీ అందమైన ఆట, ఒక్కో పరుగు కొద్ది నిమిషాలే. అయితే ఆండ్రాయిడ్‌లో ప్రకటనలుంటాయి. లూడో కింగ్‌లో ఒకే ఫోన్ చేతులు మార్చుకుంటూ అత్తయ్యగారితో సహా ఆడొచ్చు. డేటా ఆపేసి ఆడితే ప్రకటనల బెడద తగ్గుతుంది.

బీరువాలోని ఫోన్ మీ వారిదైతే బాబుకి మళ్లీ ఇవ్వకండి. ఇంట్లో పాతది ఉంటే, అసలు పుట్టినతేదీతోనే వాడికి వేరే గూగుల్ ఖాతా తెరిచి ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్) పెట్టండి. పెద్దవాళ్ల ఖాతాలో ఆడితే ఫ్యామిలీ లింక్ వల్ల లాభం లేదు. కొనుగోలు అనుమతి అందులో ఉంది కానీ, అది గూగుల్ ప్లే బిల్లింగ్‌కే వర్తిస్తుంది. బయటి సైట్లలో చేసే డైమండ్ల టాప్‌అప్‌ని అది ఆపలేదు. అందుకే పిన్ ముఖ్యం. రోజు పరిమితి మ్యాచ్‌ల లెక్క కంటే పదిహేను నిమిషాలు ఎక్కువ పెట్టండి, లేకపోతే మ్యాచ్ మధ్యలో ఫోన్ లాకైపోయి మళ్లీ పాత గొడవే.

వ్యసనమా అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గేమింగ్ రుగ్మత అంటే ఆట అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే అదే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనబడాలి. నెల రోజుల ఖర్చు, నాలుగు రోజుల అలక దాని కిందికి రావు. కానీ కొత్త పద్ధతి పెట్టాక నెల గడిచినా రాత్రి నిద్ర మాని ఆడటం, బడి ఎగ్గొట్టడం, మళ్లీ డబ్బు తీయడం, ‘చచ్చిపోతా’ అనడం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ఆ చివరి మాట వినబడితే నెల కూడా చూడకండి, అదే రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. నేరుగా చూపించాలంటే మన గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ ఓపీ ఉంది. బాబుతో పాటు మీ వారు కూడా వెళ్లాలి.