ప్రశ్నలు – జవాబులు: కెమెరా ఎవరి పక్కన నిలబడింది?

పోయిన సంచికలో డాక్యుమెంటరీల గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అన్నిటికీ జవాబు రాయడం నా వల్ల కాదు కాబట్టి ఓ ఐదు ఏరాను.

డాక్యుమెంటరీ అనగానే నాకు హాల్లో అసలు సినిమాకి ముందు వేసే న్యూస్‌రీలే గుర్తొస్తుంది. నిజం చెప్పండి, వాటిని ఇష్టపడి చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? – ఓ పాఠకుడు, ఏలూరు

మీ తప్పేం లేదండీ. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టిన దగ్గర్నుంచి దశాబ్దాల తరబడి ప్రతి హాలువాడూ ఆ రీలు వేసి తీరాల్సిందే, పైగా దానికి డబ్బులు కూడా కట్టాల్సిందే. ఆనకట్ట, పంట, మంత్రిగారి పరామర్శ, వెనకాల ఓ గంభీరమైన గొంతు. మనమేమో బయట గోలీసోడా దగ్గర ఉండేవాళ్లం. మీకు పడనిది ఆ గొంతు, డాక్యుమెంటరీ కాదు. అది లేనిదొకటి చూడండి, కింది జవాబులో చెప్తున్నాను.

మా నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు బాయి దిగారు. బొగ్గు కార్మికుల మీద ఆయన కూర్చుని చూడగలిగేది ఏదైనా ఉందా? ఆయనకి ఇంగ్లీషు రాదు. – మందమర్రి నుంచి ఒకమ్మాయి

ఉందమ్మా. ‘హార్లన్ కౌంటీ యూఎస్ఏ’. బార్బరా కాపుల్ తీసింది, 1976. ఇంగ్లీషు రాకపోవడం పెద్ద అడ్డేమీ కాదు, ఆ కెంటకీ యాస ఇంగ్లీషు వచ్చినవాళ్లకే సగం అర్థం కాదు. నువ్వు పక్కన కూర్చుని కాస్త చెప్తే చాలు, మిగతాది నాన్నగారే నీకు చెప్తారు.

సంగతేమిటంటే, 1973లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, హార్లన్ జిల్లాలో (కౌంటీ అంటే జిల్లాయే), బ్రూక్‌సైడ్ అనే గని కార్మికులు యూనియన్‌లో చేరారు. ఆ గని ఒక పెద్ద కరెంటు కంపెనీది. యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టం అంది కంపెనీ, బాయి దిగం అన్నారు వీళ్లు, అది 13 నెలలు నడిచింది. కాపుల్ అప్పటికి ఇంకా కుర్రది. ఆమె బయల్దేరింది అసలు ఈ సమ్మె కోసం కాదు, యూనియన్ నాయకత్వాన్ని బాగుచేయాలని లోపలినుంచే పోరాడుతున్న కార్మికుల మీద సినిమా తీద్దామని. హార్లన్ వచ్చాక అక్కడే ఉండిపోయింది.

అందులో నాకు మరిచిపోలేని సీను కాల్పులది కూడా కాదు. నీళ్ల కుళాయి లేని ఇంట్లో ఒక తల్లి చిన్నపిల్లని రేకు తొట్టిలో నిలబెట్టి స్నానం చేయిస్తుంటుంది, అంతే. సమ్మె ఎందుకో చెప్పడానికి కాపుల్‌కి ఆ తొట్టి చాలు. ఇంకోటి, తెల్లారకముందే ఆడవాళ్లు బెత్తాలు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడటం. సమ్మె విరగ్గొట్టడానికి వచ్చేవాళ్ల కార్లు వాళ్లని దాటి పోవాలి. మన దగ్గర సమ్మెల్లో ఆడవాళ్లు గేటు ముందు బైఠాయించడం చూసినవాళ్లకి ఇదేం కొత్తగా అనిపించదు.

ఒకరోజు చీకట్లోనే కాల్పులు మొదలై, కాపుల్‌నీ ఆమె మనుషుల్నీ కూడా కొట్టారు. అయినా వెళ్లిపోలేదు. కెమెరా ఉంటే దెబ్బలు తగ్గుతాయని ఆమెకి తెలుసు, అందుకే ఊరికే తీస్తున్నట్టు నటించైనా సరే అక్కడే నిలబడేవారట. చివరికి లారెన్స్ జోన్స్ అనే కుర్ర కార్మికుణ్ని కాల్చి చంపాకే కంపెనీ సంతకం పెట్టింది. అంత్యక్రియల్లో అతని తల్లి కుప్పకూలిపోతుంది. ఆ ముక్క వచ్చేసరికి నాన్నగారి దగ్గర ఉండు.

ఇందులో ఫ్లోరెన్స్ రీస్ అనే పెద్దావిడ కూడా కనిపిస్తుంది. 1931లో ఇదే హార్లన్‌లో సమ్మె జరుగుతున్నప్పుడు, షెరీఫ్ (అక్కడి జిల్లా పోలీసు పెద్ద) మనుషులు ఆమె భర్త కోసం ఇల్లంతా గాలించి పోయాక, గోడ మీది క్యాలెండర్ కాగితం చించి ‘నువ్వు ఎవరి పక్షం’ అని పాట రాసిందామె. నలభై ఏళ్ల తర్వాత అదే జిల్లాలో, వణికే గొంతుతో, అదే పాట.

‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత అది పూర్తి నిజం కాదని ఎవరో చెప్పారు. మోసపోయినట్టుంది. – ఓ పాఠకురాలు, విజయనగరం

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. రోడ్రిగెజ్ అనే డెట్రాయిట్ గాయకుడు 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బమ్‌లు చేశాడు. అమెరికాలో ఎవరూ కొనలేదు. ఆయన పాత ఇళ్లు పడగొట్టే పనికి పోయాడు. దక్షిణాఫ్రికాలో మాత్రం వర్ణవివక్ష రోజుల్లో తెల్ల కుర్రకారుకి ఆ పాటలంటే ప్రాణం, పైగా ఆయన స్టేజీ మీదే ప్రాణం తీసుకున్నాడని పుకారు. ఇద్దరు అభిమానులు వెతుక్కుంటూ పోతే మనిషి బతికే ఉన్నాడు. 1998లో వాళ్ల దేశం వెళ్లి పాడాడు కూడా. దర్శకుడు మాలిక్ బెంజెలూల్ డబ్బులైపోయి చివర్లో కొన్ని షాట్లు ఫోన్‌తో తీశాడు, 2013లో ఆస్కార్ వచ్చింది.

వదిలేసింది ఏమిటంటే, రోడ్రిగెజ్‌కి ఆస్ట్రేలియాలోనూ అభిమానులున్నారు. 1979లో, 1981లో అక్కడికి వెళ్లి కచేరీలు చేశాడు. సినిమా చూస్తే మధ్యలో పాతికేళ్లు ఈయన్ని ప్రపంచం పూర్తిగా మరిచిపోయిందనుకుంటాం. అబద్ధం ఆడలేదు గానీ నోరు మూసుకుంది. నా మటుకు నాకు ఇది తప్పే, ఎందుకంటే ఆస్ట్రేలియా ముక్క చెప్పినా కథకి వచ్చే నష్టం పెద్దగా లేదు, ఓ పది శాతం కన్నీళ్లు తగ్గేవేమో. కానీ కేప్‌టౌన్ హాల్లో ఆ జనం కేకలు నిజం, మీ ఏడుపూ నిజమే.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదులెండి. కెనడా మంచు ప్రాంతపు వేటగాడి మీద తీసిన 1922 నాటి ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో నానూక్ అసలు పేరు నానూకే కాదు, అల్లకరియల్లక్. లోపల వెలుతురు చాలక మంచు ఇంటిని సగానికి కోసి షూటింగ్ చేశారు. తుపాకీతో వేటాడే మనుషుల చేత ఈటె పట్టించారు. డాక్యుమెంటరీలకి ఆదిపర్వం అదే!

ఇక్కడ మా పిల్లలకి చూపిద్దామంటే అన్నీ ఇంగ్లీషువే. మన తెలుగువాళ్ల గురించి ఏమీ లేవా? – హ్యూస్టన్ నుంచి

తక్కువే, నాకూ ఆ బాధ ఉంది. ఉన్నవాటిలో ముందు ‘ఇది కథ మాత్రమేనా’ (1983). బెంగళూరులో దీపా ధన్‌రాజ్ వాళ్ల యుగాంతర్ బృందం, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లతో కలిసి తీసింది, తెలుగులోనే. పెళ్లయిన అమ్మాయి ఇంట్లో పడే హింస గురించి. నటించి తీసిందే, డాక్యుమెంటరీ అనాలా వద్దా అని పండితులు కొట్టుకోవచ్చు, పేరే ఆ ప్రశ్న అడుగుతోంది కదా. అదే దర్శకురాలు 1986లో హైదరాబాద్ మతకల్లోలాల మీదా, 2018లో రోహిత్ వేముల మరణం తర్వాత విద్యార్థుల పోరాటం మీదా తీశారు. మరీ చిన్నపిల్లలైతే ఇవి వద్దు, కాలేజీ వయసు వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

మా అమ్మమ్మ నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లింది. ఫోన్‌లోనే ఆమె మీద డాక్యుమెంటరీ తీయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – డిగ్రీ విద్యార్థి, చీరాల

ఇందాక చెప్పిన యుగాంతర్ వాళ్లే 1982లో కర్ణాటకలోని నిపాణి పొగాకు ఫ్యాక్టరీల ఆడవాళ్ల మీద చిన్న సినిమా తీశారు, దొరికితే చూడు. వాళ్లు కెమెరా తీసేముందు చాలాకాలం ఆ ఆడవాళ్లతో గడిపి, ఏం చూపించాలో వాళ్లనే అడిగారు. నువ్వూ అదే చెయ్యి. ఇంటర్వ్యూ అని కుర్చీలో కూర్చోబెట్టావంటే అమ్మమ్మ బిగుసుకుపోతుంది. చేతికి నాలుగు పొగాకు ఆకులిచ్చి ఏది మంచి రకమో, ఎలా తెలుస్తుందో అడుగు. ఆ వేళ్లు కదులుతుంటే మాట దానంతటదే వస్తుంది, కూలీ ఎంతిచ్చేవాళ్లు, మేస్త్రీ ఎలా అరిచేవాడు, ఆ ఘాటుకి దగ్గు ఎన్నాళ్లుంది, అన్నీ.

తీశాక ఎక్కడా పెట్టకముందు ఆమెకే చూపించు. దళిత మహిళలు నడిపే ఖబర్ లహరియా అనే వార్తాసంస్థ మీద తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, తీరా అందులో ఉన్న ఖబర్ లహరియా విలేకరులే ఇది మా పూర్తి కథ కాదు అని బయటికి చెప్పాల్సి వచ్చింది. అంత మంచి సినిమాకే ఆ గతి పట్టింది. అమ్మమ్మ ఏదైనా ముక్క తీసెయ్యమంటే వాదించకు, తీసెయ్.

ఇక చిన్న సంగతి: తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపు, ఫోన్ మాట మీద కన్నా ఫ్యాన్ మీదే ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. చీరాల ఉక్కపోతకి ఆవిడ పది నిమిషాలకే తిడుతుంది. ఆ తిట్లు మాత్రం కట్ చెయ్యకు.