ఫొటోలతో కొలతలు: కెమెరా క్యాలిబ్రేషన్ విడిగా నేర్చుకోవాలా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీసే విద్య) వైపు వెళ్లాలని ఉంది. ఫొటోలిస్తే సాఫ్ట్‌వేరే త్రీడీ మోడల్ తయారుచేస్తోంది కదా, ఇంకా కెమెరా క్యాలిబ్రేషన్ విడిగా నేర్చుకోవాలా?

జవాబు: మోడల్ చూడ్డానికి బాగుండటం వేరు, దాని మీద తీసిన కొలత నిలబడటం వేరు. మీకు జీతమిచ్చేది రెండోదానికే. కాబట్టి నేర్చుకోవాలి, అదీ స్వయంగా చేసి చూసి.

క్యాలిబ్రేషన్ అంటే కెమెరా ఫొటోని ఎలా ఏర్పరుస్తుందో చెప్పే అంకెలను రాబట్టడం. అవి కొన్నే: ఫోకల్ లెంగ్త్, ప్రిన్సిపల్ పాయింట్ (లెన్స్ అక్షం ఫొటోని తాకే చోటు), లెన్స్ వంకర్లు చెప్పే కె1, కె2, కె3, పి1, పి2. గణితంలో మ్యాట్రిక్స్‌లు, లీస్ట్ స్క్వేర్స్ (తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా విలువలు కనుక్కునే పద్ధతి) గట్టిగా రావాలి. కోడింగ్‌కి పైథాన్, ఫొటోలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ చాలు, రెండూ ఉచితమే.

జూమ్ లేని లెన్స్ ఉన్న కెమెరా తీసుకోండి. మొదటి ప్రయత్నానికి ఫోన్ వద్దు. ఆటోఫోకస్ ఆపి, ఫోకస్ రింగ్ కదలకుండా టేప్ వేయండి. స్టెబిలైజేషన్ కూడా ఆపాలి. అది లెన్స్‌నో సెన్సర్‌నో కదుపుతుంది, ప్రిన్సిపల్ పాయింట్ ఫొటోకో చోట ఉంటుంది. ఇక బోర్డు: కొలత తెలిసిన గళ్లు ఫొటోల్లో ఎలా పడ్డాయో చూసే లెక్క ఆ అంకెలను రాబడుతుంది. అందుకు చదరంగం గళ్ల ప్రింటుని అట్టకి కాదు, అద్దానికి అంటించండి. అట్ట వంగితే ఆ వంపుని లెక్క లెన్స్ వంకర అనుకుంటుంది. ప్రింటర్‌నీ నమ్మకండి. పది గళ్లు అడ్డంగా, నిలువుగా స్కేలుతో కొలవండి. 250 మిల్లీమీటర్లు రావాల్సిన చోట ఒకవైపు 251 వస్తే, వచ్చిన కొలతనే కోడ్‌లో ఇవ్వండి.

ఫొటోలు ఇరవై దాకా తీయండి. బోర్డుకి ఎదురుగా నిలబడి తీసినవే అయితే పని జరగదు: ఫోకల్ లెంగ్త్, దూరం రెండూ కలిసి పెరిగినా బొమ్మ అలాగే ఉంటుంది, లెక్క వాటిని విడదీయలేదు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో తీయండి, కొన్నిటికి కెమెరాని 90 డిగ్రీలు తిప్పండి. ఫ్రేమ్ మూలల్లో కూడా గళ్లు పడాలి; వంకర ఎక్కువుండేది అక్కడే.

రీప్రొజెక్షన్ ఎర్రర్ (లెక్క ప్రకారం గళ్ల మూలలు పడాల్సిన చోటికీ, ఫొటోలో పడిన చోటికీ తేడా) 0.3 పిక్సెల్ అని చూసి చాలామంది ఆగిపోతారు. ఫొటోలన్నిటిలో బోర్డు మధ్యలోనే ఉన్నా ఆ అంకె చిన్నగానే వస్తుంది. ఫొటోలను రెండు గుంపులు చేసి విడివిడిగా లెక్క కట్టండి, రెండు ఫోకల్ లెంగ్త్‌లూ ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి. తర్వాత క్యాలిబ్రేషన్‌లో వాడని, పొడవు కచ్చితంగా తెలిసిన ఒక కడ్డీని ఆ కెమెరాతోనే కొలవండి. తప్పిన ప్రయత్నాలతో సహా ఇదంతా రెండు పేజీల్లో రాసిపెట్టుకోండి. ఉద్యోగానికి చూపించాల్సింది అదే. మెరిసే త్రీడీ వీడియోలు అందరి దగ్గరా ఉంటాయి.

ఒక ప్రశ్నకి మాత్రం ఇప్పట్నుంచే సిద్ధంగా ఉండండి: చదునైన పొలం డ్రోన్ మ్యాప్‌లో గుమ్మటంలా ఎందుకు ఉబ్బింది? నిట్టనిలువుగా, ఒకే ఎత్తు నుంచి తీసిన ఫొటోలతోనే సాఫ్ట్‌వేర్ కెమెరాని కూడా క్యాలిబ్రేట్ చేసుకుంటే కె1లో చిన్న తప్పు నేల వంపుగా మారుతుంది. కొన్ని ఏటవాలు ఫొటోలు, పొలమంతా పరచిన కంట్రోల్ పాయింట్లు (స్థానం కచ్చితంగా కొలిచిన గుర్తులు) ఉంటే ఆ ఉబ్బు చాలావరకు అణుగుతుంది.