డిస్కం మీటర్ పెట్టినంత మాత్రాన వెండర్ బాధ్యత తీరదు

ప్రశ్న: సబ్సిడీ పథకంలో మా ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఎనిమిది నెలలైంది. ప్యానెళ్ళ వైర్లను పైపు లేకుండా పిట్టగోడ మీదుగా, మెట్ల పక్కన పిల్లల చేతికి అందేలా దించారు. కింద ఇంటి వైర్లున్న పైపులోనే దూర్చారు. అడిగితే "డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళు చూసే నెట్ మీటర్ పెట్టారు, పైపు వేయాలని రూలేం లేదు" అంటున్నాడు వెండర్. ఏం చేయాలి?

జవాబు: ముందు పిల్లల్ని అటు వెళ్ళనీయకండి. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో కరెంటు ఉంటుంది. ప్యానెళ్ళు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి అది 300 వోల్టులు దాటవచ్చు. పైగా అది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు; ఇంట్లో వాడేది ఏసీ. ఒకసారి నిప్పురవ్వ లేచిందంటే తేలిగ్గా ఆరదు.

ఇక రూల్ సంగతి. వైరింగ్ ఎలా ఉండాలో చెప్పే జాతీయ విద్యుత్ కోడ్ దానంతట అదే చట్టం కాదు, వెండర్ మాటలో ఆ మేరకు నిజముంది. కానీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు చట్టబద్ధమైనవే. మనుషులకు, పశువులకు, ఆస్తికి ప్రమాదం లేకుండా వైరింగ్ ఉండాలని, లైసెన్సున్న కాంట్రాక్టరే ఆ పని చేయాలని అవి చెబుతాయి. పని సరిగ్గా ఉందా లేదా అని కొలవడానికి ఆ కోడ్, ఐఎస్ (భారతీయ) ప్రమాణాలు పనికొస్తాయి. డిస్కం తనిఖీ కనెక్షన్ ఇవ్వడానికి చేసేది. దాంతో వెండర్ లోపం మాఫీ కాదు.

ఒక్క జాగ్రత్త. ప్యానెళ్ళ కింద ఫ్రేముకు కట్టిన వైర్లకు పైపు లేదని పేచీ పెట్టకండి. ఎండను తట్టుకునే సోలార్ కేబుల్ అయితే అక్కడ అలా ఉండటం మామూలే, ఆ వాదనతో మీ కేసే పలచబడుతుంది. చేతికి అందే చోట రక్షణ లేకపోవడం, డీసీ, ఏసీ వైర్లు ఒకే పైపులో ఉండటం, ఈ రెండింటినే పట్టుకోండి.

ఇప్పుడే వేరే మనిషిని పిలిచి సరిచేయించవద్దు, సాక్ష్యం పోతుంది. తేదీ పడేలా ఫొటోలు తీయండి. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో లోపాలు రాయించి, సంతకం తీసుకోండి. ఒప్పంద పత్రం, బిల్లు వెతికి పెట్టుకోండి. మీది పీఎం సూర్యఘర్ పథకం అయితే అయిదేళ్ళ నిర్వహణ బాధ్యత వెండర్‌దే. తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రతిని డిస్కంకు, విద్యుత్ తనిఖీ అధికారికి కూడా పంపితే చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

కదలిక లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే సేవాలోపం ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. వైరింగ్ సరిచేయించాలని, లేదా అందుకయ్యే ఖర్చు, పరిహారం ఇప్పించాలని అడగండి. గడువు రెండేళ్ళు. పని పూర్తయిన రోజు నుంచే లెక్క వేయాలని అవతలివాళ్ళు వాదిస్తారు కాబట్టి, "వచ్చే వారం చేస్తాం" అన్న ఫోన్ హామీలు నమ్మి కూర్చోవద్దు.